అక్క కుడికన్ను

మా అక్క నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. ఏలూరులో ఉన్ని తివాచీలు నేసేచోట అక్క పనికి కుదిరి నన్ను చదివించింది. తను పెళ్ళి చేసుకోలేదు. నేను లాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, పెళ్ళయ్యాక తాడేపల్లిగూడెంలో రక్తపరీక్షలు చేసే లాబ్‌లో చేరాను. అప్పటినుంచీ రోజూ ఎవరెవరికో షుగరు చూడటమే నా పని.

అక్కకి నలభై రెండో ఏట షుగరు బయటపడింది. అప్పటికే చాలా ఏళ్ళుగా ఉండి ఉంటుందన్నారు. నెలకోసారి పరగడుపున రైలెక్కి నా దగ్గరికి వచ్చేది. నేను రక్తం తీసి, ఇడ్లీ పెట్టించి, రిపోర్టు పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని.

ఒకసారి ఆయన కంటి ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు. "కళ్ళలో చుక్కలు వేసి లోపలి రెటీనా చూస్తారమ్మా. చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి చూపించుకోవాలి" అన్నారు.

"చూపుకేమండీ, పోగులు లెక్కపెట్టి మరీ ముడేస్తాను" అని అక్క నవ్వింది.

బయటికొచ్చాక మాత్రం, "వెళ్ళాలంటావా?" అని నన్నడిగింది. నేను డ్యూటీకి తిరిగి వెళ్ళే తొందరలో ఉన్నాను. "షుగరు ఇప్పుడు అదుపులోనే ఉందిగా అక్కా, వేసవిలో చూద్దాంలే" అన్నాను. ఆ వేసవి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకో రెండు వేసవులు కూడా. ఆసుపత్రుల సంగతి నాకు తెలుసని అక్క నమ్మకం. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు కాబట్టి తనూ ఎత్తలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసింది. "కుడి కంట్లో నల్లటి దారాలు ఈదుతున్నాయే. నలుపుకున్నా పోవట్లేదు."

నేను మొదటి బస్సు పట్టుకుని ఏలూరు చేరేసరికి ఆ కంటికి అంతా పొగలా ఉందంది. మర్నాడు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. లోపలి సన్న రక్తనాళాలు చిట్లి నెత్తురు నిండిందని, రెటీనా కూడా ఊడుతోందని చెప్పారు.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదమ్మా?" అని అక్కడి డాక్టరమ్మ అడిగింది.

"నొప్పి లేదండి. చూపూ బాగానే ఉందండి."

"ఈ జబ్బుతో వచ్చిన కష్టమే అదమ్మా. చూపు తగ్గేదాకా మనకి తెలియదు. తెలిసేసరికి లోపల పాడైపోయి ఉంటుంది." తర్వాత నా వైపు తిరిగి, "మీరేం చేస్తుంటారండీ?" అంది. చెప్పాను. ఆమె ఇంకేమీ అనకుండా కాగితం మీద రాసుకుంటూ పోయింది. నాలుగు మాటలు అన్నా బాగుండేది.

కుడికంటికి ఆపరేషన్ చేశారు. చూపు రాలేదు. ఎడమకంట్లో కూడా మొదలైందని లేజర్ చేశారు, ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ కన్ను నిలిచింది. మనుషుల ముఖాలు ఆనతాయి కానీ, నీలం పోగుకీ నల్ల పోగుకీ తేడా తెలియదు. అక్క మగ్గం మానేసింది. పని లేక చేతివేళ్ళు ఊరికే చీర అంచుని ముడివేస్తూ, విప్పుతూ ఉండేవి.

ఆ చలికాలం కొల్లేరు చూస్తానంటే తీసుకెళ్ళాను. గట్టు మీద కూర్చున్నాం. చెట్ల నిండా గూడబాతులు. అక్క ఎడమకంటిని అరచేత్తో మూసుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత చెయ్యి తీసి, "ఇటు ఏమీ లేదే" అంది, వాన రాలేదే అన్నంత మామూలుగా.

నాకు దుఃఖం ఆగలేదు. "నావల్లే అక్కా. ఆ రోజు నేను వెళ్దాం అనుంటే..."

"తెలుసు" అంది. చీర అంచుని ఒక ముడి వేసి, మళ్ళీ తనే అంది: "నాకూ భయమేసిందిలే. నువ్వు వద్దంటే బాగుండుననే నిన్నడిగాను."

ఓదార్చడానికి అన్నదో, నిజమో నేను అడగలేదు.

నిరుడు నాకూ షుగరు వచ్చింది. కాగితంలో నా అంకె చూసుకున్న వారంలోనే కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళాను. వద్దన్నా అక్క కూడా వచ్చింది. డాక్టరమ్మ అంతా చూసి, "ఇప్పటికి ఏమీ లేదు. షుగరు, బీపీ జాగ్రత్త. ఏడాదికి మళ్ళీ రండి" అంది.

"ఏదీ, ఇంకోసారి చెప్పండమ్మా" అంది అక్క. ఆమె ఓపిగ్గా మళ్ళీ చెప్పింది.

చుక్కల మందు వల్ల నాకన్నీ మసకగా ఉన్నాయి. బయట ఎండ కళ్ళలో గుచ్చుకుంటోంది. అక్క నా మణికట్టు పట్టుకుని ఒక్కో మెట్టే దింపింది. రోడ్డు దగ్గర ఆగి, ఆటోలు వచ్చే కుడివైపుకి తల పూర్తిగా తిప్పి చూసి, "పద" అంది.