మూడుసార్లు నడిపించాం

గంగారం దాటాక నాలుగు కిలోమీటర్లకు తారు రోడ్డు అయిపోయింది. డ్రైవర్ లారీ అక్కడే ఆపేశాడు. భూపాలపల్లి క్యాంపులో ఉదయం ఐదింటికి ఎక్కాం, దిగేసరికి పదకొండు. దారిలో రెండుచోట్ల రాస్తారోకో. మే నెల మొదటి వారం. ఒక్కొక్కరి వీపు మీద ఇరవై రెండు కిలోల మూట, చేతిలో తుపాకి, నడుముకు రెండు నీళ్ల సీసాలు. అక్కడి నుంచి గంటన్నర నడక. వెదురు అడవి, ఎర్రమట్టి, ఆకు కదలని ఎండ. మేం పదకొండు మందిమి. నేను హవల్దార్‌ని, ఆ సెక్షన్‌కు పెద్దని.

మాది కొడకండ్ల. కేంద్ర బలగాల్లో పదహారేళ్ల నౌకరీలో కాశ్మీరు చూశాను, మణిపూర్ చూశాను. సొంత జిల్లా అడవిలో తుపాకి పట్టుకుని నిలబడతానని మాత్రం అనుకోలేదు. అవి రాష్ట్రం కోసం ఊరూరా జనం రోడ్డెక్కిన రోజులు. మా తమ్ముడు కొడకండ్లలో దీక్షా శిబిరంలో కూర్చున్నాడు. "నువ్వెవలి దిక్కే అన్నా?" అని ఫోన్లో నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా డ్యూటీ ఒక యంత్రాన్ని పరీక్షించడం. హైదరాబాద్‌లో ఏదో ప్రయోగశాల నుంచి ఒక శాస్త్రవేత్త దాన్ని వెంట తెచ్చుకున్నాడు. కోస్తా వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. మేం సారు అనేవాళ్లం. బాట పొడుగునా నేలలో సెన్సర్లు పాతాడు. మనిషి అడుగు వేస్తే నేల అదురుతుంది. ఆ అదురు తీగ గుండా గుట్ట మీద మా పోస్టులో ఉన్న పెట్టెకు చేరుతుంది. పశువో మామూలు మనిషో అయితే పెట్టె మీద పచ్చ దీపం. ఆయుధాలు మోసే నక్సలైట్ల దళం అయితే ఎర్ర దీపం.

దళం ఎట్లా నడుస్తుందో పెట్టెకు ముందు నేర్పాలి. నేర్పడానికి దళం దొరకదు కదా, మేం దొరికాం. మూటలు వేసుకుని, ఒకరి వెనక ఒకరం, వారం రోజులు పొద్దునా సాయంత్రం అదే బాట మీద నడిచాం. ముందు నడిచింది నేనే. పచ్చ దీపం కోసం మా వంటవాణ్ణి చేతులూపుకుంటూ నడిపించాడు. తర్వాత ఒక ఎద్దును. అడవిలో మామూలు మనిషి కూడా బరువు మోస్తాడని, ఆ ఇరుకు బాటలో ఎవరైనా వరుసలోనే నడవాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. సారు పట్నం మనిషి. ఊళ్లో పుట్టినవాణ్ణి, నాకు తట్టాల్సింది.

ఎనిమిదో రోజు ఆర్డర్ వచ్చింది. ఎర్ర దీపం వెలిగిన రెండు నిమిషాల్లో కాల్పులు. బాటలో తొంభై గజాల ముక్క మీదికి మెషిన్‌గన్ గురి బిగించాం. పోస్టు నుంచి ఆ ముక్క కనబడదు, వెదురు అడ్డం. కనబడకుండా ఎట్లా కాల్చాలని వైర్‌లెస్‌లో అడిగాను. కంపెనీ కమాండర్ ఉత్తరాది మనిషి. "నువ్వు చూడాల్సిన పని లేదు, మెషిన్ చూస్తుంది" అన్నాడు హిందీలో.

పదమూడో రోజు. జిల్లా అంతా బంద్. ఉదయం ఐదు యాభై రెండు. అప్పుడే వెలుతురు వచ్చింది.

"అన్నా, ఎర్రది. ఎర్రది ఎలిగింది."

అన్నది ఆపరేటర్. మానుకోట కుర్రాడు, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఎందరు?"

"ఐదుగురు. బరువు బాగున్నదని చూపెడ్తంది."

వైర్‌లెస్‌లో చెప్పాను. "కాల్చు" అని జవాబు. గన్నర్ వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. సారు పెట్టెకు హెడ్‌ఫోన్ కూడా పెట్టాడు, నేల చప్పుడు వినడానికి. లాక్కుని చెవులకు పెట్టుకున్నాను.

దడ్. దడ్. దడ్. నాలుగు జతల కాళ్లు ఒక్కసారే పడుతున్నాయి. ఐదో మనిషి అడుగు విడిగా ఉంది. ఎవడి మూట వాడు మోసేవాళ్ల అడుగులు కలవవు. వారం నడిచాం, మావి ఒక్కనాడూ కలవలేదు. ఒకే బరువును నలుగురు భుజాలకెత్తుకుంటేనే అట్లా కలుస్తాయి. మా నాయిన పాడె మోసిన రోజు నా కాళ్లకు తెలిసిన సంగతి అది.

"అన్నా, నలభై సెకన్లున్నయ్."

"కాల్చకుండ్రి. నేను దిగి చూసొస్త."

"పాగల్ అయినవా అన్నా? దళమే అయితే?"

"నేను పడ్డంక కాల్చుండ్రి."

గుట్ట దిగాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, చచ్చేంత భయం వేసింది. నా లెక్క తప్పితే నేనొక్కణ్ణే కాదు, పైనున్న పది మంది ప్రాణాలకూ నేనే జవాబుదారీ. వెదురు పొద తప్పించి చూశాను.

నులక మంచం. రెండు బొంగులకు కట్టి నలుగురు మోస్తున్నారు. పక్కన ఒక ముసలాయన. మంచం మీద ముప్పై ఏళ్ల ఆడమనిషి. కుడిచెయ్యి మోచేతి దాకా వాచి నల్లబడింది, పైన గుడ్డతో బిగించి కట్టారు. నన్ను చూసి ఆగిపోయారు.

"నా బిడ్డ సారూ" అన్నాడు ముసలాయన. "తునికాకు కోస్తాంటె పురుగు ముట్టింది. జర పోనియ్యుండ్రి."

మా దిక్కు పామును పేరు పెట్టి అనరు, పురుగనే అంటారు. "కాల్చకుండ్రి, పేషెంట్!" అని పైకి అరిచాను. అప్పుడు నాకు గర్వంగానే ఉంది.

సారూ ఆపరేటరూ పరుగెత్తుకుంటూ దిగారు. సారు ముఖంలో నెత్తురు లేదు. "ఎంత ఘోరం జరిగిపోయేదండీ" అని రెండుసార్లు అన్నాడు. మంచం వంక చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"హవల్దార్ గారూ, ఈ నడక పెట్టెలో లేదు. ఇది నేర్పకపోతే రేపు ఇలాంటి వాళ్లనే చంపేస్తాం. ఒక్కసారి వెనక్కి వెళ్లి మళ్లీ రమ్మనండి. ఐదు నిమిషాలే."

"సార్, ఆమె పరేషాన్‌ల ఉన్నది" అన్నాడు ఆపరేటర్.

"నాకు తెలీదా? రేపటి వాళ్ల గురించే కదా అడుగుతున్నాను!"

ఆయన చెడ్డవాడు కాదు. చెప్పింది అబద్ధమూ కాదు. వాచీ చూశాను, ఆరు దాటి నాలుగు నిమిషాలు. "బాపూ, ఒక్కసారి ఎనుకకు పోయి రాండ్రి" అన్నాను. ముసలాయన నా ముఖం చూడలేదు, తుపాకి చూశాడు.

"అట్లనే సారూ."

మొదటిసారి తీగ ఊడింది. రెండోసారి మధ్యలో ఒకతను భుజం మార్చుకున్నాడు, రికార్డు చెడిందన్నాడు సారు. మూడోసారి కుదిరింది. ఆరూ ఇరవై ఆరు.

మంచాన్ని తారు రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కడ సారు జీపు ఉంది. అడగక ముందే ఇచ్చాడు, తానే నడిపాడు. నేనూ ముసలాయనా ఆమెను ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాం. గంగారం దగ్గర రోడ్డుకు అడ్డంగా వంటా-వార్పు. ఆడవాళ్లు రాళ్లు పేర్చి, తారు మీదే అన్నం వండుతున్నారు. జీపులోకి చూసిన ఒక అక్క "జరుగుండ్రి, పాణం మీదికొచ్చింది!" అని కేక వేసి, కుతకుత ఉడికే అన్నం గంజును కొంగుతో పట్టుకుని పక్కకు దించింది. ఇంకొకామె కాలుతున్న కట్టెలు చేతులతో లాగేసింది. ఒక్క నిమిషం పట్టలేదు. యూనిఫాంలో ఉన్న నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు.

మానుకోట పెద్ద దవాఖాన ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉందనగా ఆమె పోయింది. పదిహేను కిలోమీటర్లంటే ఆ జీపులో ఇరవై నిమిషాలు.

జులైలో మా డ్యూటీ ముగిసింది. అప్పటికి మంచం మోసే నడకకు పెట్టె మీద పచ్చ దీపమే వెలుగుతోంది. మంచి పనే, కాదనను. జనగామలో రైలెక్కి వేరే పోస్టింగుకు పోయాను. రాష్ట్రం వచ్చాక రిటైరై కొడకండ్ల చేరాను. ఈ కథ సగం విని మా తమ్ముడు "ఐదుగుర్ని బతికిచ్చినవే అన్నా" అంటాడు. మిగతా సగం వాడికి ఇప్పటిదాకా చెప్పలేకపోయాను.

వెనక్కి నడవమన్నప్పుడు మంచం తిప్పాల్సిన అవసరం లేదు, ఉన్నదున్నట్టే మోసుకుపోవచ్చు. సారు అదే అన్నాడు. ముసలాయన ఒప్పుకోలేదు. "కాళ్లు ముంగటికి పెట్టి మోస్తె పీనుగను మోసినట్టయితది సారూ. నా బిడ్డకు పాణమున్నది." ఆ ఇరుకు బాటలో, వెదురు ముళ్లు వీపులు గీరుతుంటే, నలుగురూ మంచాన్ని తలల పైకెత్తి, ఆమె తల ముందుకొచ్చేలా మెల్లగా తిప్పారు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. మొత్తం ఆరుసార్లు. తిప్పిన ప్రతిసారీ ఆమె పడిపోకుండా ఎడమచేత్తో మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది.