ఉడుము కింద చెనిక్కాయ పొట్టు

ఆ ఉడుమును మా ఇంటికి తెచ్చింది పెంచుకోవడానికి కాదు, కూరకు. మా అత్తకు నడుంనొప్పి. ఉడుము మాంసం తింటే నడుము గట్టిపడుతుందని మా వైపు నమ్మకం. ఊరి బండల గనిలో బండ లేపుతుంటే సందులో దొరికిందని ఒక కూలీ గోనెసంచిలో తెచ్చి వాకిట్లో పెట్టిపోయాడు. మూరెడు కూడా లేదు. సంచి మూతి విప్పి చూస్తే నాలుక చాపి నా వేలిని తడిమింది. దీన్ని కోయడానికి వీల్లేదని అడ్డం నిలబడ్డాను. జాలి ఒక్కటే కాదు, ఆ ఇంట్లో అప్పటిదాకా నా మాట ఒక్కటీ చెల్లలేదు. ఇదైనా నెగ్గించుకోవాలని పంతం. ఉడుముది కాదు, మా కోడలిదే ఉడుంపట్టు అని అత్త ఇరుగుపొరుగుకు చెప్పుకుని నవ్వింది. కూర ఊసు మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడు రాజధాని కర్నూలులో ఉండేది. ఆఫీసులు గుడారాల్లో, ఎటు చూసినా కట్టుబడి పనులు. మా ఆయన కడప బండలు లారీకి ఎత్తించుకుని కర్నూలు పోతే పదిహేను రోజులకు గాని తిరిగొచ్చేవాడు కాదు. ఇంట్లో నేను, అత్త. నాకు పద్దెనిమిదేళ్ళు. మా పుట్టిల్లు కోడుమూరు. అక్కడి చేలల్లో తిరిగిన కాళ్ళు ఆ ఊళ్ళో ఒకచోట నిలిచేవి కావు. నేల బండ, గోడ బండ, కప్పు బండ. మధ్యాహ్నానికి ఇల్లంతా పెనంలా కాలేది. బావికి పోయేదాన్ని, వచ్చేదాన్ని, కూర్చోబోయి మళ్ళీ లేచేదాన్ని. కాలుగాలిన పిల్లి మాదిరి ఎందుకు తిరుగుతావని అత్త అడిగితే ఒళ్ళు మండేది.

టీపొడి వచ్చే చెక్కపెట్టె ఒకటి సంపాదించి, పైన పాత జల్లెడ మూతగా పెట్టి, అడుగున వేరుశనగ కాయలు ఒలిస్తే వచ్చే చెనిక్కాయ పొట్టు మందంగా పరిచాను. మా పుట్టింట్లో కోడిపిల్లలకు అట్లాగే వేసేవాళ్ళం. వెచ్చగా, మెత్తగా ఉంటుంది. బండ మీద పుట్టినదానికి పరుపెందుకని అత్త అంది. మీ బండల మీద బతుకు ఎంత సుఖమో నాకు తెలుసులే అనుకుని ఇంకో దోసెడు పోశాను. మిడతలు పట్టి వేసేదాన్ని. కోడిని కోసిన రోజు పేగులు, కార్జం ముక్కలు ఆ పొట్టు మీదే పడేసేదాన్ని. అది గబుక్కున అందుకుని మింగుతుంటే చూడటం ఒక్కటే ఆ ఊళ్ళో నాకు పొద్దుపోయే పని.

నెల తిరిగేసరికి ఉడుము తిండి మానేసింది. మిడత ముక్కు మీద నడిచినా కదల్లేదు. దొడ్డికి పోయిన జాడ లేదు. ఒకరోజు, రెండు రోజులు, వారం. పొట్ట బిగిసింది, వెనక కాళ్ళు ఈడుస్తోంది. ఎసరు పెట్టి ఒకసారి, గంజి వార్చి ఒకసారి, ఊరికే ఒకసారి జల్లెడ ఎత్తి చూసేదాన్ని. చచ్చిపోతుందేమోనని భయం. అది పోతే ఆ ఇంట్లో నాదంటూ ఇంకో ప్రాణి లేదు.

ముందురోజు అత్త పెట్టె మీదికి వంగి ఏదో చేస్తుండగా చూశాను. అది గుర్తొచ్చేసరికి నోరు ఆగలేదు.

"నువ్వే దీనికి ఏందో పెట్టినావు అత్తా. సచ్చిపోతే కూర తినొచ్చని."

అత్త బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"తినాలనుకునింటే తెచ్చిన పొద్దే తినింటా గదమ్మే. నొస్తాండేది నా నడుమే గదా. నీళ్ళు పోస్తాండా దానికి. మిడతలేస్తావు గానీ, దప్పిక అయితాదని నీకు ఎప్పుడన్నా అనిపిచ్చినాదా?"

నిజమే. పెట్టె మూలన చిప్పలో నీళ్ళు ఉండేవి. ఎవరు పోస్తున్నారని నేను అడగనే లేదు. అయినా నేను తగ్గలేదు, ఆముదం పట్టించి తీరతానని సీసా తెచ్చాను. అత్త లాక్కుంది. బలవంతంగా పోస్తే ఊపిరిలోకి పోతుందని, మేకపిల్ల ఒకటి తన చేతుల్లో అట్లాగే పోయిందని చెప్పింది.

బేసినులో గోరువెచ్చని నీళ్ళు కొంచెమే పోయించి, ఉడుమును అందులో ఉంచి, తల మునగకుండా ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేతి వేళ్ళతో పొట్టను తోక వైపుకు మెల్లగా నిమిరింది. పూటకు ఒక గంట అదే పని. మధ్యలో తుడిచి ఎండ తగిలే బండ మీద పడుకోబెట్టేది. నేను చేస్తానంటే నా చేతులకు నిదానం లేదంది. ఉన్న మాటే అనింది కాబట్టి ఇంకా కోపం వచ్చింది. నీళ్ళు చల్లారితే మార్చడం నా వంతు. అట్లా మూడు రోజులు. నడుము పట్టేసినప్పుడు ఆమె పెదవి కొరుక్కునేది, లేచేది కాదు.

మూడో రోజు సాయంత్రం నీళ్ళు మురికయ్యాయి. అత్త వేలితో ఒక నల్లటి ముద్ద తీసి బేసిను అంచున పెట్టి విడదీసింది. చెనిక్కాయ పొట్టు. తడి మాంసానికి అంటుకుని లోపలికి పోయిన నా పొట్టు. ఇంకా వస్తూనే ఉంది. ఉడుము కళ్ళు తెరిచి నాలుక చాపింది.

తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ ఒక మాట అనేదాన్ని. అత్త మళ్ళీ ఉడుము పొట్ట నిమరసాగింది. పెట్టెలో పొట్టంతా తీసి పొయ్యిలో పోశాను. అడుగున నున్నటి బండముక్క వేశాను, దూరి పడుకోవడానికి గోనెపట్ట మడిచి పెట్టాను, తిండికి వేరే మూకుడు పెట్టాను. అన్నీ గబగబా, ఆమె ముఖం చూడకుండా చేశాను. తర్వాత చేయడానికి ఏమీ మిగల్లేదు.

"అత్తా, నేనే దాన్ని సంపబోతి" అన్నాను.

ఆమె ఇంకా బేసిను ముందే గొంతుకూర్చుని ఉంది. కోపంతో లేవలేదనుకున్నాను.

"అది బతికె గదా. ముందు నన్ను లేపు. లేసేకి అయితాలేదు."

చంకల కింద చేతులు వేసి లేపాను. కాపురానికి వచ్చి రెండేళ్ళయినా ఆమెను ముట్టుకోవడం అదే మొదలు. ఒళ్ళంతా ఎముకలే, బరువే లేదు. ఇన్నాళ్ళూ నేను పోట్లాడింది ఇంత కాస్త మనిషితోనా అని ఏడుపొచ్చింది.