అడగందే మేకు కొట్టని ఆన్సెల్మ్

ఆన్సెల్మ్ కుర్తాద్ గోడకి ఒక్క మేకు కొట్టాలన్నా నలుగురిని అడిగేవాడు. ఆ నలుగురూ నాలుగు రకాలుగా చెబితే, తేల్చుకోవడానికి ఐదో మనిషిని అడిగేవాడు. ఆ ఐదో మనిషిని సాధారణంగా నేనే. పుయ్‌మోరెల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పొద్దున్నే రొట్టెల బండి తోలేది నేను కాబట్టి, తప్పించుకోవడానికి నాకు దారి లేదు.

మొదటిసారి అతన్ని చూసింది ఊరి చివర పాడుబడ్డ ఇంటి ముందు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ఉండని ఇల్లు. పొగగొట్టంలో కాకులు కాపురం పెట్టాయి. వంటగదిలో మొలిచిన చెట్టు కిటికీలోంచి కొమ్మలు చాపింది. కప్పు మధ్యలో ముసలి గాడిద నడుములా వంగిపోయి ఉంది. ఆ ఇంటిని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు, అరవై ఏడేళ్ళ పొట్టి మనిషి, టోపీ చేత్తో పట్టుకుని.

నా బండి ఆపి, "నమస్కారమండీ. ఈ ఇల్లు కొనమంటారా?" అన్నాడు.

"మీరెవరో నాకు తెలీదు కదండీ."

"ఆన్సెల్మ్. లియోన్ పట్నం నుంచి. ఇప్పుడు తెలిసింది కదా, కొనమంటారా?"

"వద్దు" అన్నాను.

"మేయరుగారు కొనమన్నారు. కల్లంలో కనిపించినాయన 'నీకు మతిపోయిందా' అన్నారు. అంటే ఒకటికి రెండు. ఇంకొక్కరిని అడగాలి" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఇంకొక్కరు ఎవరో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు కానీ, వసంతం వచ్చేసరికి ఇల్లు అతనిదైపోయింది.

పట్నంలో ఏం చేసేవారని అడిగితే, "ఏముందండీ, బరువులు కిందనుంచి పైకి చేర్చేవాణ్ణి" అన్నాడు. ఏ హోటల్లోనో సామాన్లు మోసేవాడు కాబోలనుకున్నాం. పాపం అమాయకుడు, జీవితమంతా దాచుకున్నది రాళ్ళగుట్ట మీద పోశాడని ఊరు ఊరంతా జాలిపడింది. మా ఊరంటే పంతొమ్మిది మంది. అందులో పద్నాలుగు మందికి డెబ్భై దాటాయి. జాలి పడటానికి మాకు కావలసినంత తీరిక.

ఇక అడగడం మొదలైంది. తలుపు లోపలికి తెరుచుకోవాలా, బయటికా? కాకులకి ముందుగా చెప్పి పొగగొట్టం శుభ్రం చేయాలా, చెప్పకుండానా? కిటికీ తలుపులకి నీలం రంగా, ఆకుపచ్చా? ఈ రంగు సంగతి మూడు వారాలు నడిచింది. పోస్టు తెచ్చే ఆయన ఎర్ర రంగు అన్నాడని ఆయనతో నాలుగు రోజులు ఎవరం మాట్లాడలేదు.

"ఇంత అడిగేవాడివి ఇల్లెందుకు కొన్నావయ్యా?" అని ఓసారి విసుక్కున్నాను.

"అదీ అడిగే కొన్నాను కదండీ" అన్నాడు.

గోడల పూత దగ్గర అసలు గొడవ వచ్చింది. సున్నం సంగతి మా ఊళ్ళో ఇద్దరికే తెలుసు. ఒకరు మేకలు కాసే లియోంతీన్. ఆమె తండ్రిది సున్నపు బట్టీ. రెండోవాడు మేయరు ఫెలిసియాన్. వీళ్ళిద్దరి పెరళ్ళకీ మధ్య ఒక అక్రోటు చెట్టుంది. దాని కొమ్మ ఎవరు నరికారన్న విషయంలో పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఊరి సభలో కూడా ఆవిడ మేయరుతో చెప్పవలసింది గోడకి చెప్పేది.

ఆన్సెల్మ్ ముందు లియోంతీన్ దగ్గరికి వెళ్ళాడు. "ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక. ఇంకెవర్నీ అడగక్కర్లేదు" అందామె.

అతను తిన్నగా ఫెలిసియాన్ ఇంటికి వెళ్ళి, "లియోంతీన్‌గారు మూడు పాళ్ళంటున్నారండీ" అన్నాడు.

"మూడా! ఆవిడ మేకలకి దాణా కలుపుతోందా? రెండున్నర!"

మళ్ళీ మేకల దొడ్డి. "ఫెలిసియాన్‌గారు రెండున్నర అంటున్నారండీ. దాణా మాట కూడా ఏదో అన్నారు, నాకు సరిగ్గా వినబడలేదు."

"నాకు వినబడింది. పోయి చెప్పు, అతని ఇంటి పూత పోయినేడు చలికాలంలోనే రాలిందని."

అలా వారం రోజులు మేకల దొడ్డికీ మేయరింటికీ మధ్య తిరిగాడు. అతని చెప్పులు అరిగాయి. ఎనిమిదో రోజు ఆన్సెల్మ్ పెరడు మధ్య సున్నపు తొట్టి దగ్గర ఓ పక్కనుంచి లియోంతీన్, మరో పక్కనుంచి ఫెలిసియాన్ ఒకే క్షణాన దిగారు. మధ్యలో పార పట్టుకుని ఆన్సెల్మ్.

లియోంతీన్ గోడ కోసం చూసింది. దగ్గరలో గోడ లేదు. ఉన్నదంతా ఫెలిసియానే.

"నీ మొహం! రెండున్నర వేస్తే బీటలిస్తుందయ్యా!" అంది. పదకొండేళ్ళలో ఆమె అతనితో అన్న మొదటి మాట అది.

"ఇవ్వదు!"

"ఇస్తుంది!"

"పందెమా?"

ఒక గోడకి ఆమె లెక్క, ఎదుటి గోడకి అతని లెక్క. ఇద్దరూ చొక్కా చేతులు పైకి మడిచి తాపీలు పట్టుకున్నారు. సాయంత్రానికి రెండు గోడలూ అయ్యాయి, ఇద్దరూ నెత్తిమీదనుంచి కాళ్ళదాకా తెల్లగా తయారయ్యారు. ఆన్సెల్మ్ మాత్రం, "తాపీ ఎలా పట్టుకోవాలండీ?" అని ఇద్దరి మధ్యా తిరుగుతూ ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు.

మిగిలింది కప్పు. కప్పు గురించి అడగదగ్గ మనిషి మా ఊళ్ళో ఒక్కడే, ఆరిస్తీద్. చుట్టుపక్కల పదూళ్ళలో పెంకుటిళ్ళన్నీ అతను నేసినవే. డెబ్భై తొమ్మిదేళ్ళు. భార్య పోయి మూడేళ్ళయింది, అప్పటినుంచీ గడప దాటలేదు. నేను రొట్టె కిటికీ గట్టు మీద పెడితే లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుపోయేది. ఎలా ఉన్నారంటే జవాబు ఉండేది కాదు. రానురాను అడగడం నేనూ మానేశాను. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆన్సెల్మ్ ఆ మూసిన తలుపు ముందు కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

"ఆరిస్తీద్‌గారూ, కప్పుకి దూలం ముందా, పెంకులు ముందా అండీ?"

రెండో రోజు, "వాసాలు అడ్డంగా వేస్తే అందంగా ఉంటాయంటారా?" మూడో రోజు, "పెంకులకి జిగురు రాయమంటున్నారండీ, ఎక్కడ దొరుకుతుంది?" నాలుగో రోజు లోపల ఏదో గిన్నె కిందపడింది. ఏడో రోజు కిటికీ తెర కదిలింది. నేను రొట్టె తెచ్చిన నెపంతో అక్కడే నిలబడేదాన్ని. ఊళ్ళో సగం మంది కూడా ఏదో ఒక నెపంతో అక్కడే ఉండేవాళ్ళు.

పదో రోజు ఆన్సెల్మ్ గొంతు సవరించుకుని, "పెంకులు పైనుంచి కిందికి పేర్చుకుంటూ రావాలని నిర్ణయించానండీ. రేపే మొదలు" అన్నాడు.

తలుపు భళ్ళున తెరుచుకుంది.

"పైనుంచి పేరిస్తే వానంతా నీ మంచం మీద పడుతుందిరా దద్దమ్మా! కిందనుంచి! కిందనుంచి పైకి!"

ఇంట్లో వేసుకునే మెత్తని చెప్పులతోనే వీధిన పడ్డాడు ఆరిస్తీద్. వెనకాల కుర్చీ మోసుకుంటూ ఆన్సెల్మ్. ఆ కప్పు చూసి పెద్దాయన అయిదు నిమిషాలు ఏకబిగిన తిట్టాడు. ఆ తిట్లు వింటుంటే, మూడేళ్ళ తర్వాత రేడియో బాగుపడినంత సంతోషమేసింది మాకు.

వంగిన వెన్నుదూలం మార్చాల్సిందేనన్నాడు ఆరిస్తీద్. పాత పెంకులన్నీ దింపించాడు. ఇంటికి నెత్తిన టోపీ తీసేసినట్టయింది. సరిగ్గా అప్పుడు, ఆదివారానికి పెద్ద గాలివాన అని వార్త వచ్చింది. కప్పు లేకుండా అంత వాన పడితే ఆ పాత మట్టిరాతి గోడలు నిలవవు. ఇల్లు మిగలదు.

బుధవారం ఉదయం కొత్త దూలం ఎత్తాం. కప్పీ మీదుగా తాడు, తాడుకి ఫెలిసియాన్ ట్రాక్టరు. పైన పలకల మంచె మీద ఆరిస్తీద్. దూలం గోడ అంచుదాకా వెళ్ళింది. అంతలో ఎడమ గోడ మీది రాయి కదిలింది. దూలం ఒరిగింది. దాని కొస ఆరిస్తీద్ వైపు తిరుగుతోంది.

"ఆపు! ఫెలిసియాన్, వెనక్కి కాదు, ఆపు! పెద్దాయనా, ఎడమకి రెండడుగులు. ఊఁ, కదలకు. లియోంతీన్, ఆ చెక్కచీల ఇలా విసురు!"

ఎవరా అని చూశాం. ఆన్సెల్మ్! ఒక్కరి పేరు చివరా 'గారు' లేదు. ఒక్క ప్రశ్న లేదు. గోడ మీదికి పిల్లిలా పాకాడు. చీల అందుకుని రాయి కింద మూడు దెబ్బల్లో దించాడు. ఒంటి చేత్తో ఆధారపు గుంజ నిలబెట్టాడు. "ఇప్పుడు లాగు. జానెడు. ఇంకో జానెడు. చాలు." దూలం రెండు గోడల మీదా బిడ్డని పడుకోబెట్టినట్టు కూర్చుంది.

కిందికి దిగి, చేతులు దులుపుకుని, మా అందరి మొహాలూ చూసి కంగారుపడ్డాడు. నా దగ్గరికి వచ్చి, "గిస్లేన్‌గారూ, ఇప్పుడు కాఫీ తాగొచ్చంటారా?" అన్నాడు.

బండి వెనక్కి లాక్కెళ్ళి నిలదీశాను. "నిజం చెప్పు. ఎవరు నువ్వు?"

నేల చూపులు చూశాడు. నలభై రెండేళ్ళు పెద్ద పెద్ద చర్చిల కప్పులు బాగుచేసిన మేస్త్రీల పెద్ద అట. చేతి కింద ముప్ఫై మంది పనిచేసేవారట!

"మరి మమ్మల్నెందుకయ్యా ఇంత సతాయించావు?"

"పని మానేశాక రెండేళ్ళు నన్నెవరూ ఏమీ అడగలేదండీ. అంతకుముందు రోజుకి వందసార్లు అడిగేవారు. ఓ రోజు పై అంతస్తులో ఆవిడ వచ్చి, బొమ్మ తగిలించాలి, మేకు ఎక్కడ కొట్టనండీ అని అడిగింది. ఆ రోజు నేను రెండు పూటలా కడుపునిండా తిన్నాను" అన్నాడు. టోపీ సర్దుకుని, "ఇక్కడికొచ్చి చూస్తే ఊరంతా నాలాగే కనిపించింది. వాళ్ళకి మాత్రం చెప్పకండి. బాధపడతారు."

చెప్పనని ఒట్టు పెట్టాను.

గురు, శుక్ర, శనివారాలు మా పంతొమ్మిది మందిలో మంచం పట్టిన ముగ్గురు తప్ప అందరం వరసగా నిలబడి పెంకులు చేతులు మార్చాం. పైన ఆరిస్తీద్ పేరుస్తూ, తిడుతూ. పక్కన ఆన్సెల్మ్ ప్రతి పెంకుకీ, "ఇలాగా అండీ?" ఆదివారం మధ్యాహ్నానికి చివరి పెంకు కూర్చుంది. ఆరిస్తీద్ పని పూర్తయిన గుర్తుగా కప్పు మీద పచ్చని కొమ్మల గుత్తి కట్టి, చేతులు రెండూ పైకెత్తి కేక పెట్టాడు. ఆ కేకకి పక్క ఊళ్ళో కుక్కలు మొరిగాయి.

భోజనాలకి అందరం ఆ ఇంట్లోనే కూర్చున్నాం. బల్ల మీద బంగాళాదుంపల పెద్ద పిండిరొట్టె, మీగడ కారుతూ. అప్పుడే గాలివాన విరుచుకుపడింది. పదిహేడు మందిమీ సూపు చెంచాలు ఆపి పైకి చూశాం. పెంకుల మీద డోలు మోగినట్టుంది. ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్కటి, లోపలికి రాలేదు. ఫెలిసియాన్ లేచి లియోంతీన్‌ని వాటేసుకున్నాడు. ఆమె తోసేసింది కానీ, కాస్త ఆలస్యంగా.

వంటగదిలోకి పళ్ళేల కోసం వెళ్తే లియోంతీన్ వెనకే వచ్చి చెవిలో, "ఎవరికీ చెప్పకు. అతనికి అన్నీ తెలుసు. సున్నం కలిపిన రోజునే కనిపెట్టాను, నేను చూడట్లేదనుకుని ఇసుక సరిచేశాడు" అంది. తిరిగి వస్తుంటే ఫెలిసియాన్ గుమ్మంలో ఆపి, "నీ కడుపులో పెట్టుకో గిస్లేన్, ఆ మనిషికి..." అన్నాడు. పోస్టు ఆయన కన్నుకొట్టి పెదాల మీద వేలు పెట్టాడు.

నవ్వు ఆపుకోలేక ఆరిస్తీద్ పక్కన కూలబడ్డాను. "మీక్కూడా తెలుసా?"

"పెంకులకి జిగురు రాయమంటారా అని లోకంలో ఎవడైనా అడుగుతాడా అమ్మాయ్? మూడో రోజే తెలిసింది" అన్నాడు పెద్దాయన.

"తెలిసీ ఎందుకు బయటికొచ్చారు మరి?"

బల్ల చివర ఆన్సెల్మ్ కత్తి పట్టుకుని, పిండిరొట్టె నిలువుగా కొయ్యాలా అడ్డంగా కొయ్యాలా అని అడుగుతున్నాడు. మిగతా పద్నాలుగు మందీ ఒక్కసారే అరుస్తున్నారు. ఆరిస్తీద్ అటే చూస్తూ, తన పళ్ళెం ముందుకి జరిపాడు.

"అడిగాడు కదా" అన్నాడు.