రానివి చెప్పమన్న సరళక్క

మొన్న మందుల షాప్‌కి ఫోన్ చేస్తే హోల్డ్‌లో పెట్టారు. అదే పియానో ముక్క. కాస్త పైకి ఎక్కి, కిందికి దిగి, మళ్ళీ మొదటికొచ్చే ఆ పాట వినగానే ఫోన్ చెవి నుంచి దూరంగా పెట్టేశాను. ఎదురుగా పదేళ్ళ మా సుహాస్ నింపాదిగా కార్న్‌ఫ్లేక్స్ తింటున్నాడు. ఆరేళ్ళ కిందట ఇదే పాట సరళక్క వంటింట్లో స్పీకర్‌ఫోన్‌లో మోగుతుంటే, వీడికి మాటలు రావడమూ రాకపోవడమూ ఆ ఫోన్ అవతలి మనిషి చేతిలో ఉందని భయపడుతూ కూర్చున్నాను.

సరళక్క ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలో మాకు రెండిళ్ళ అవతల ఉండేది. వరంగల్ మనిషి. పెద్ద గొంతు, ముక్కు మీద కోపం. కొడుకు కార్తీక్ అప్పటికే హైస్కూల్లో ఉన్నాడు. ఎవరింట్లో పార్టీ జరిగినా వెళ్ళీ వెళ్ళగానే, "మా వానికి ఆటిజం. సౌండ్ పడదు, జర పాటలు తగ్గియ్యిన్రి" అని అందరికీ వినబడేలా చెప్పేది. మేమంతా ప్లేట్లలోకి చూసుకునేవాళ్ళం. నాకది మొరటుగా తోచేది. కన్నబిడ్డ గురించి నలుగురిలో ఎవరైనా మంచే చెప్పుకుంటారు కదా అనుకునేదాన్ని. తీరా సుహాస్‌కీ ఆటిజమే అని తేలిన రోజు, నేను పరుగెత్తింది మాత్రం ఆవిడ ఇంటికే.

ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఎవరిని అడగాలో, కాదంటే పైవాళ్ళని ఎలా పిలవమనాలో ఆవిడే నేర్పింది. చివరికి మాటలూ పనులూ నేర్పే థెరపీకి ఆరు నెలలు డబ్బు కట్టడానికి ఒప్పుకున్నారు. థెరపిస్ట్ ఇంటికొచ్చి వాడితో నేల మీద కూర్చుని ఆడేది. అప్పటిదాకా దాహమేస్తే తల గోడకేసి కొట్టుకుని ఏడ్చే పిల్లవాడు ఒక మధ్యాహ్నం ఫ్రిజ్ దగ్గర నిలబడి వాటర్ అనబోయి "వాటా" అన్నాడు. గ్లాసు చేత్తో పట్టుకుని నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఆ ఒక్క మాట వెనక ఇంకా ఎన్ని మాటలు కాచుకుని ఉన్నాయో అనిపించింది. అంతలోనే గడువు దగ్గర పడింది. పిల్లవాణ్ణి పరీక్ష చేసి, అవసరం ఉందని తేలితేనే పొడిగిస్తామన్నారు. ఇప్పుడు ఆపితే వచ్చిన ఆ కాస్తా పోవచ్చని థెరపిస్ట్ చెప్పింది. మా సొంత ఖర్చుతో నడిపించే స్తోమత మాకు లేదు.

పరీక్ష అన్న మాట వినబడగానే మా ఇంట్లో అందరికీ పూనకం వచ్చింది. మామగారు గుంటూరులో లెక్కల లెక్చరర్‌గా రిటైరై, అత్తయ్యగారితో కలిసి కొన్నాళ్ళు మా దగ్గర ఉండడానికి వచ్చారు. ఆయన రంగుల కార్డులు కొనిపించి, పొద్దునా సాయంత్రం మనవడికి వల్లె వేయించారు. పరీక్ష రోజు నేను వాడికి తలంటిపోసి, కొత్త చొక్కా తొడిగి, కడుపునిండా తినిపించి కూర్చోబెట్టాను. ఇన్సూరెన్స్ తరఫున పరీక్ష చేయడానికి వచ్చినావిడ తిండి సంగతి అడిగితే "చక్కగా తింటాడు" అన్నాను. బట్టల సంగతి అడిగితే "ఏ పేచీ పెట్టడు" అన్నాను. అబద్ధం ఆడుతున్నానని నాకు తోచనే లేదు. మన ఇళ్ళల్లో నాలుగేళ్ళ పిల్లవాడికి ముద్దలు కలిపి పెట్టేది అమ్మ, చొక్కా తొడిగేది నాయనమ్మ. వాడికి చేతనవుతుందో లేదో చూడాల్సిన అవసరం ఎవరికీ రాదు. సుహాస్ కార్డులన్నీ గడగడా చెప్పేశాడు. మామగారు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేశాను.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. పిల్లవాడు బాగా మెరుగుపడ్డాడనీ, ఇక థెరపీ వైద్యపరంగా అవసరం లేదనీ, నెలాఖరుతో ఆపేస్తున్నామనీ. సుహాస్‌ని చంకనేసుకుని సరళక్క ఇంటికి పరుగెత్తాను. ఆవిడ స్టవ్ దగ్గర నిలబడే చదివింది.

"పరీక్ష పాస్ చేయించిన్రా అందరు కలిసి?"

"వాడు బాగా చేస్తే సంతోషించి ఇంకా ఇస్తారనుకున్నాం అక్కా."

"ఎంసెట్ అనుకున్నవా పద్మా, ర్యాంకొస్తే సీటిచ్చేటందుకు? ఈడ మంచిగ చేసినోళ్ళని ఇంటికి పంపిస్తరు."

ఇంకేమీ అనకుండా గిన్నెలో పెరుగన్నం పెట్టి, చెంచా వేసి, సుహాస్ ముందుంచింది. వాడికి అది ఆకలి వేళే. "నీ చేతులు తొడల కింద పెట్టుకో. ఏమైనా సరే తియ్యకు" అంది నాతో. సుహాస్ గిన్నెను చూశాడు. నావైపు తిరిగి నోరు తెరిచాడు. అలా తెరుచుకునే ఉన్నాడు. ముద్ద రాలేదు. నా మోచెయ్యి పట్టుకుని లాగాడు, ఆ తర్వాత అరిచాడు, గిన్నె కింద పడింది, నుదురు బల్లకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను లేవబోతే "కూసో" అని గద్దించింది. నుదుటికి బల్లకీ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టి, వాణ్ణి ఎత్తుకుని సముదాయించింది కూడా తనే.

"చూసినవా? గిది చెప్పాలె ఆళ్ళకి. అన్నం ముందల ఉన్నా ఆకలికి ఏడుస్తడు గని చెంచా ముట్టడని."

ఆవిడ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, మా వాణ్ణి ఏడిపించిందని. ఇంటికొచ్చాక తెలిసింది, అది కోపం కాదు, భయం. వాడికి ఏమేం రావో ఆ రోజుదాకా నేను ఎప్పుడూ నిలబడి చూడలేదు.

సరళక్కే మా చేత అప్పీల్ పెట్టించింది. విచారణ ఫోన్లోనే. ఇన్సూరెన్స్ తరఫున ఒక డాక్టర్ మా మాట విని నిర్ణయిస్తాడు. సరళక్క తన వంటింట్లోనే కూర్చోబెట్టింది. మామగారూ వచ్చారు. సుహాస్‌నీ కార్తీక్‌నీ ఆవిడ భర్త పెరట్లోకి తీసుకెళ్ళారు. "వాని ముందల వద్దు. మాటలు రాకుంటే చెవులు లేవా?" అంది. హోల్డ్‌లో ఆ పియానో ఎంతసేపు మోగిందో తెలియదు. డాక్టర్ లైన్‌లోకి వచ్చి, రంగులూ ఆకారాలూ అన్నీ చెప్పాడని రిపోర్ట్‌లో ఉంది, ఇక మీ అభ్యంతరం ఏమిటన్నాడు.

 ఎదురుగా మామగారు. ఆయన మనవడి గురించి ఆయన ముందే అలాంటి మాటలు ఎలా అనను? సరళక్క నా వీపు మీద చెయ్యి వేసింది. మొదలుపెట్టాను. తనంతట తాను తినలేడు. పిలిస్తే తిరగడు. కార్లొస్తున్నా రోడ్డు మీదికి పరుగెత్తుతాడు. నొప్పి ఎక్కడో చెప్పలేడు. ఒక్కో మాటా వాణ్ణి కొట్టినట్టే ఉంది. "మరి ఆ కార్డుల సంగతేమిటి?" అన్నాడు డాక్టర్. 

మామగారు ముందుకు వంగి, క్లాస్‌లో పాఠం చెప్పే తన ఇంగ్లీషులో అన్నారు. "డాక్టర్ గారూ, నేను తాతని. కార్డులు బట్టీ పట్టించింది నేను. ఎర్ర కార్డు చూపిస్తే ఎరుపంటాడు. నిన్న ఎర్రగా కాలుతున్న పొయ్యి మీద చెయ్యి పెట్టబోయాడు. మాట నేర్పానండీ, అర్థం నేర్పలేకపోయాను."  నిర్ణయం పోస్ట్‌లో వస్తుందని చెప్పి డాక్టర్ ఫోన్ పెట్టేశాడు.

ఇక ఇంటికి వెళ్ళి పడుకుందామనుకున్నాను. సరళక్క వదల్లేదు. పెరటి తలుపు తీసి, "పోయి వానికి చెప్పు" అంది.

"ఏం చెప్పాలి?"

"లోపల ఏం చెప్పినవో, ఎందుకు చెప్పినవో. అటెన్క వానికి ఏమేం వస్తయో గవి. నేను కార్తీక్‌కి ప్రతిసారి చెప్త."

"వాడికేం అర్థమవుతుందక్కా?"

"కాదని నీకెట్ల తెలుసు? ఇన్సూరెన్సోళ్ళకి సగం బిడ్డనే చూపిచ్చినవ్. మిగిలిన సగం నోటితోని చెప్పకుంటే రేపు నువ్వే మర్చిపోతవ్ పద్మా."

గడ్డిలో వాడి పక్కన కూర్చుని, వాడు గడ్డిపరకలు తెంపుతుంటే, అన్నీ చెప్పాను. నువ్వు నీళ్ళు అడిగావు. తాతగారి కళ్ళజోడు ఎక్కడ పెట్టినా వెతికి ఇస్తావు. నేను ఏడిస్తే నా మెడలో తల దూరుస్తావు. వాడు నావైపు చూడలేదు. అయినా ఆ రోజు మొదటిసారి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

థెరపీ గంటలు కాస్త తగ్గించి, ఇంకో ఆరు నెలలు ఇచ్చారు. అప్పటినుంచి అలా పోట్లాడుతూ, పొడిగించుకుంటూ వచ్చాం. ఆటిజం ఉన్న పెద్దపిల్లలకి సదుపాయాలు బాగున్నాయని సరళక్క వాళ్ళు వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. ఆ పొగరు, ఆ గద్దింపు ఈ వీధిలో మళ్ళీ వినబడలేదు. నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది.

పోయిన నెల మళ్ళీ అదే తంతు. వాడికి రానివన్నీ పరీక్ష చేసేవాళ్ళకి గంటసేపు ఒక గదిలో చెప్పి బయటికొచ్చాను. బయట కూర్చున్న సుహాస్‌ని కార్ ఎక్కించుకుని, ఎప్పటిలాగే మొదలుపెట్టాను. "సుహాస్, ఇవాళ లోపల నేను..."

"ఐ నో అమ్మా," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. "నాకు రానివి చెప్పావ్. ఇట్స్ ఓకే. నౌ, వచ్చేవి చెప్పు."

 చెప్పాను. నేను మర్చిపోయినవి వాడే అందించాడు.