కందిరీగ పెట్టెలో చీమ

నాచారం పారిశ్రామికవాడ రోడ్డు పొడుగునా కానుగ చెట్లుండేవి. ఇప్పుడూ ఉన్నాయి గానీ అక్కడొకటి ఇక్కడొకటి. వానలు పడ్డాక వాటి లేతాకుల మీద గుండ్రంగా బొబ్బలు లేస్తాయి. చూసినవాళ్లు చెట్టుకేదో తెగులనుకుని వెళ్లిపోతారు. నేను మాత్రం ఇప్పటికీ బండి ఆపి ఆకు తిప్పి చూస్తాను. మా అమ్మాయికి ఇది మహా చిరాకు. "మళ్లీ ఆకులా అమ్మా" అని వెనకసీట్లోంచి మూలుగుతుంది.

ఆ బొబ్బలో కంటికి ఆనని ఒక సన్నటి ఈగ పిల్ల ఉంటుంది. తల్లి ఆకులో గుడ్డు పెడితే, పిల్ల చుట్టూ ఆకు ఉబ్బి దానికి ఇల్లూ తిండీ రెండూ అవుతుంది. అంత భద్రంగా ఉన్నదాన్ని కూడా వెతుక్కుంటూ ఒక కందిరీగ వస్తుంది. కందిరీగ అనగానే చూరు కింద గూడు కట్టి మనల్ని కుట్టేదాన్ని తలుచుకోకండి. ఇది ఆవగింజలో సగం కూడా ఉండదు, మనిషిని కుట్టడం దీనికి చేతకాదు. బొబ్బలోకి సన్నటి సూది దించి ఈగ పిల్ల పక్కన తన గుడ్డు పెట్టి పోతుంది. దాని పిల్ల ఈగ పిల్లను తిని పెరిగి, ఆకుకు కన్నం చేసుకుని బయటికొస్తుంది. ఇలాంటి కందిరీగల్లో ఇంకా ఎవరూ పేరు పెట్టనివి మన ఇళ్ల చుట్టుపక్కలే బోలెడున్నాయి. వాటిలో ఒకదానికి పేరు పెట్టినదాన్ని నేను. ఆ సంగతి చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను. అందులో సగం చెప్పకుండా దాచుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి మెట్రో కొత్తగా తిరుగుతోంది. ఉప్పల్‌లో ఒక పాత మేడ మొదటి అంతస్తులో, పురుగుల్ని గుర్తించే చిన్న పరిశోధనశాల ఉండేది. అక్కడ నాది ప్రాజెక్టు ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మాకు పెద్దదిక్కు సార్. ఆయన మంచివారే గానీ కోపం వస్తే ఎదుటి మనిషి కనపడడు. ఇక మూడో మనిషి, మేమంతా అన్న అని పిలిచే ఆయన. ఆయన నల్లగొండ వైపు నుంచి వచ్చి, నాచారంలో ఒక దారం మిల్లులో పదిహేనేళ్లు పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక రోజుకూలి మీద మా దగ్గర చేరాడు. తెగిన దారాన్ని ముడి కనపడకుండా అతికిన వేళ్లు అవి. కందిరీగను ముక్కోణపు అట్టముక్క కొసన, కాలు విరగకుండా రెక్క నలగకుండా అతికించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. సార్ చేతిలో కూడా ఒక్కోసారి పురుగు మీసం ఊడేది. అన్న చేతిలో ఊడగా నేను చూడలేదు.

ఆయన జిగురు ఆయనే కాచుకునేవాడు. తుమ్మబంక నీళ్లలో నానబెట్టి, వడకట్టి, అందులో చిటికెడు చక్కెర వేసేవాడు. ఉత్త బంక ఎండాకాలం పెళుసెక్కి పగిలి, పురుగు రాలిపోతుందట. చక్కెర చీమల్ని పిలుస్తుందని సార్ గొణిగేవారు. అన్నకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. చీమలకు ఆయన మందు వేరే ఉంది. పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెడతాం చూడండి, అలాగే నమూనాల బీరువా నాలుగు కాళ్లనూ నాలుగు పళ్లాల్లో నిలబెట్టి, రోజూ పొద్దున్నే నీళ్లు పోసేవాడు.

ఆ గదిలో రెండు నియమాలుండేవి. ఒకటి సార్‌ది, నమూనా పెట్టె గడప దాటకూడదు. రెండోది అన్నది. పురుగు చచ్చిన పూటే దాని చీటీ రాయాలి. ఏ ఊరు, ఏ చోటు, ఏ చెట్టు, ఏ రోజు, ఎవరు పట్టారు, అన్నీ గోరంత కాగితం మీద రాసి, అదే గుండుసూదికి కింద గుచ్చాలి. నేనొకసారి బద్ధకించి, గుర్తున్నంతవరకు ఊహించి రాయబోతే అన్న నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు.

"నోటితోని మనం ఏమన్న అంటం మేడమ్. చీటీ మీద మాత్రం అబద్ధం రాయద్దు. నూరేండ్లకు ఎవడో దాన్నే నమ్ముకోని వస్తడు" అన్నాడు.

మా కందిరీగ ఆయన తెచ్చిన కొమ్మలోనే వచ్చింది. తన పాత మిల్లు గోడ పక్కనున్న కానుగ నుంచి బొబ్బలాకులు తెంపి తెచ్చి, కవర్లో కట్టి కిటికీకి వేలాడదీశాడు. తొమ్మిదో రోజున మగవి ఆరు, ఆడది ఒకటి బయటికొచ్చాయి. నేను వాటిని మైక్రోస్కోపు అద్దం కింద పెట్టి గుర్తింపు పట్టిక తెరిచాను. మీసానికి కణుపులెన్ని, రెక్క అంచున వెంట్రుకలు పొడుగా పొట్టా, నడుము మీద గీత ఉందా లేదా. ఉంటే ఫలానా ప్రశ్నకు వెళ్లు, లేకపోతే మరోదానికి. అలా పోగా పోగా పట్టిక అయిపోయింది గానీ మా పురుగు దేనికీ సరిపోలేదు. మొదటి నుంచి నాలుగుసార్లు చూశాను. మీసం చివరి మూడు కణుపులూ తెల్లగా, రెక్క మధ్యలో పొగచూరినట్టు చిన్న మచ్చ. ఎవరూ రాయనిది. ఆ సాయంత్రం మెట్రో స్తంభాల కింద నడుస్తుంటే, ఇంతమందిలో నాకొక్కదానికే తెలిసిన సంగతి ఒకటుందని ఛాతీ నిండిపోయింది. ఆ సంతోషం మళ్లీ నాకు అంత చక్కగా దొరకలేదు.

ఒక చిక్కుంది. ఈ జాతుల్లో మగవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కొత్త జాతి అని రాయాలంటే ఆడదే ఆధారం. అది మా దగ్గర ఒక్కటే ఉంది.

బతుకమ్మ సెలవులొచ్చాయి. వర్ణన సగంలో ఉంది. పండగైన వారానికి నా ప్రాజెక్టు పొడిగింపు కాగితం సార్ సంతకానికి వెళ్తుంది. ఈలోగా బొమ్మ గీసి ఇస్తే నా ఉద్యోగానికి ఢోకా ఉండదనుకున్నాను. కోఠీలో కొన్న పాత మైక్రోస్కోపు ఇంట్లో ఉండనే ఉంది. ఎవరూ లేనప్పుడు పెట్టెను సంచీలో వేసుకుని నాచారంలోని మా ఇంటికి తెచ్చేశాను.

రెండు రోజులు బాగానే గీశాను. పాప అప్పటికి రెండేళ్లది. చీమా పురుగూ రాకుండా పెట్టెలో వేసే కలరా ఉండల వాసనకు దగ్గుతోందని వాటిని తీసి బయట పెట్టాను. సద్దుల బతుకమ్మ రోజున పక్కింటి అత్తమ్మ గిన్నెడు మలీద ముద్దలు ఇచ్చింది. బెల్లం, రొట్టె కలిపి చేసిన ముద్దలు. ఒకటి తింటూ బొమ్మ చూసుకుని, గిన్నెను అలమర మీద పెట్టె పక్కనే పెట్టి, పాపను ఎత్తుకుని బతుకమ్మ దగ్గరికి వెళ్లాను. ఆడి వచ్చేసరికి అలమర మీద చీమల బారు. మలీద దగ్గరికి వచ్చినవి మలీదతో ఆగలేదు. ఆడ కందిరీగ ఉన్న అట్టముక్క మీద ఒక రెక్క, రెండు కాళ్లు మిగిలాయి.

చీమల్ని దులిపాను. ఆ కంగారులో ఎన్ని పోయాయో, ఎన్ని మిగిలాయో చూసుకోలేదు. సెలవులైపోయిన పొద్దున అందరికన్నా ముందెళ్లి పెట్టెను బీరువాలో పెట్టేశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఏమిటో నాకా రోజు తెలిసింది.

పదింటికి సార్ పెట్టె తెరిచారు.

"ఏమిటిది?" అన్నారు.

గుమ్మడికాయ దొంగలా నా చెయ్యి సంచీ మీదికి పోయింది. అన్న పెట్టె తీసుకుని అద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. చిమ్టాతో మూలనుంచి ఏదో తీసి కాగితంలో మడిచాడు. నా వైపు చూడలేదు.

"నాదే తప్పు సార్. సెలవుల్ల పళ్లాలల్ల నీళ్లు ఎండిపోయినయ్. వచ్చి పోస్తనన్న, రాలే. జిగురుల చక్కెర సుత ఉండె" అన్నాడు.

"ఆ చక్కెర మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను?"

"అవు సార్."

ఒక్కసారి కిందికి చూస్తే చాలు, నాలుగు పళ్లాలూ నిండుగా ఉన్నాయి. సార్ చూడలేదు. నేను చూశాను. ఈ పొద్దునే పోసుంటాడు, అంతకుముందు ఎండిపోయే ఉంటాయి, ఆయన నిజంగానే తన తప్పనుకుంటున్నాడు అని నాకు నేను చెప్పుకున్నాను. తనను తాను నమ్మించుకోవడానికి మనిషికి పెద్ద సాక్ష్యాలక్కర్లేదు.

ఆ రోజు నుంచి అన్నను అతికించే బల్ల మీంచి లేపేశారు. సీసాలు కడగడం, గది ఊడవడం ఆయన పని. దారం అతికిన ఆ వేళ్లు సబ్బునీళ్లలో నానుతుంటే రోజూ చూశాను. నా పొడిగింపు కాగితం మీద సంతకం అయింది. ఏ రోజుకారోజు రేపు చెబుదామనుకున్నాను. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను, ఆర్నెల్లు అలాగే అనుకున్నాను.

మళ్లీ ఆడది దొరికితే గానీ లాభం లేదు. చీటీ మిగిలింది కాబట్టి మిల్లు గోడ దగ్గరికి వెళ్లాను. అక్కడ రేకుల కంచె, లోపల అపార్ట్‌మెంటుకు తీసిన గుంత. కానుగ మొద్దు కూడా లేదు. ఆదివారాలు ఒక్కదాన్నే తిరుగుతున్నానని తెలిసి అన్న తన సైకిల్ మీద వచ్చాడు.

"ఫికర్ జెయ్యకున్రి మేడమ్. ఒక చెట్టు మీద ఉన్న పురుగు ఇంకో చెట్టు మీద లేకుంట పోతదా" అన్నాడు.

నాచారం నుంచి హబ్సిగూడ, అక్కడి నుంచి ఉప్పల్, నాగోల్ దాకా ఏ కానుగనూ వదల్లేదు. హాస్టళ్ల ముందు, దవాఖానా గోడ వెనక, టీ బండ్ల దగ్గర. ఆకులు తెంపుతుంటే జనం ఏ రోగానికి మందని అడిగేవాళ్లు. అన్న గంభీరంగా మొహం పెట్టి, "మోకాళ్ల నొప్పులకు" అనేవాడు. ఒకావిడ నిజంగానే గుప్పెడు అడిగి తీసుకుంది. మధ్యాహ్నాలు బస్టాప్‌లో కూర్చుని మిర్చి బజ్జీలు తినేవాళ్లం. మా ఇంటి బాల్కనీలో బట్టల తీగ మీద బట్టలకు చోటు లేదు, అన్నీ ఆకుల కవర్లే. ఆ ఆదివారాల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి. పక్కన నడుస్తున్న మనిషికి ద్రోహం చేస్తూ అంత హాయిగా నవ్వానని కూడా గుర్తొస్తుంది.

రెండో వానాకాలంలో ఉప్పల్ మెట్రో స్తంభాల పక్క బస్టాప్‌లో, మేం బజ్జీలు తినే చోటే, నెత్తి మీదున్న కానుగలోంచి ఆడవి మూడు వచ్చాయి. అన్నే అతికించాలని సార్‌తో పట్టుబట్టాను. నేను చేసిన ధైర్యం అదొక్కటే. అన్న కొత్తగా జిగురు కాచాడు. అందులో చక్కెర వెయ్యలేదు.

పేరు దగ్గర, ఆయన పేరే పెడతానన్నాను. "నాదెందుకు మేడమ్. చెట్టు పేరు పెట్టున్రి. చెట్టు లేకుంటే పురుగేడిది" అన్నాడు. కానుగ పేరే పెట్టాం. వర్ణన అచ్చయింది. ఆ తర్వాత ప్రాజెక్టు ముగిసింది, సార్ వేరే ఊరెళ్లారు, నేను ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పడానికి కుదురుకున్నాను.

పోయిన వానాకాలం, మా విద్యార్థులకు పురుగుల్ని అతికించడం నేర్పమని అడగడానికి ఉప్పల్‌లో అన్న ఇంటికి వెళ్లాను. రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. చెయ్యి మాత్రం వణకడం లేదు. చాయ్ తాగాక, ఇంకెంతకాలం మోస్తానని, చెప్పేశాను. పెట్టె నేను తీసుకెళ్లానన్నాను. కలరా ఉండలు, మలీద, దులపడం, అన్నీ.

అన్న లోపలికి వెళ్లి పాత సబ్బుపెట్టె తెచ్చాడు. తెరిస్తే, గుండుసూదికి ముక్కోణపు అట్ట, అట్ట కొసన ఒక చీమ. ఉప్పురవ్వంత, పసుపు ఒళ్లు, పొట్ట చివర మాత్రం నలుపు. కింద చీటీ, ఆయన అక్షరాల్లో. నాచారం. మేడమ్ ఇల్లు. బతుకమ్మ సెలవులు. పట్టింది మేడమ్.

"మన మేడల గండుచీమలే ఉంటుండె. గీ పసుపుపచ్చ చీమ ఇండ్లల్ల ఉంటది. అద్దం కింద పెట్టంగనే తెలిసింది" అన్నాడు.

"తెలిసీ ఎందుకు మీ మీద వేసుకున్నారన్నా?"

"మీ కాగితం సంతకానికి పోయేదుండె గద. నన్ను దీసేస్తే ఇంకో మిల్లు. మిమ్మల్ని దీసేస్తే ఆ పురుగును సూసెటోళ్లు ఎవరు?" చీటీ అంచు మీద వేలు పెట్టాడు. "నోటితోని అబద్ధం ఆడిన బిడ్డా. చీటీ మీద రాయలేకపోయిన."

నేను ఏడ్చాను. ఆయన ఆపమనలేదు. కాసేపటికి, "చీటీ చింపెయ్యమంటవా?" అని అడిగాడు. వద్దన్నాను. పెట్టె అడిగి తెచ్చుకున్నాను.

తర్వాతి వారం అన్న మా కాలేజీకి వచ్చి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. జిగురు కోసం ముందు రోజే బంక నానబెట్టి తెచ్చాడు. ఆయన అతికించడం మొదలుపెట్టకముందే నేను చీమను అద్దం కింద పెట్టి, ఒక్కొక్కరినీ వచ్చి చూసి చీటీ చదవమన్నాను. మూడో అమ్మాయి తలెత్తింది.

"ఎవరి ఇల్లు మేడమ్?"

"నాది" అన్నాను. పదిహేడు మంది ముందు, అన్న వింటుండగా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన తల వంచుకుని బంక వడకట్టుకుంటూనే ఉన్నాడు.

చెప్పడం అయ్యాక స్టాఫ్‌రూముకు వెళ్లి చక్కెర డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. అన్న డబ్బా వైపు, నా వైపు చూశాడు. మూత తీసి, ఇన్నేళ్ల తర్వాత, చిటికెడు జిగురులో వేశాడు.