ఉప్పుగాలి తగలని వైఫై

ఆ రోజుల్లో నాకు రానిదేదీ లేదని గట్టి నమ్మకం ఉండేది. పలాసలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే పనిలో చేరి మూడు వారాలే అయింది. నిచ్చెన పట్టుకోవడం బాగా వచ్చింది. సెట్టింగులు మాత్రం మా ఓనరు చేస్తుంటే వెనక నుంచి చూశాను. (చూస్తే వచ్చేసినట్టే అనుకునే వయసు.) అందుకే ఉద్దానంలో మా మేనత్త ఇంటికి ఒక్కణ్ణే వెళతానని పట్టుబట్టాను. ఆ రోజు పదకొండింటికి ల్యాప్‌టాప్‌లో మరదలికి ఉద్యోగం ఇంటర్వ్యూ. అంతకుముందు రెండు ఇంటర్వ్యూలు ఫోన్ సిగ్నల్ మధ్యలో తెగి చేజారాయి. ఇదీ పోతే ఇంకెవరూ పిలవరని బెంగపడుతూ కూర్చుంది.

తొమ్మిదిన్నరకల్లా వరండా గూట్లో రూటర్ పెట్టి, పేరూ పాస్‌వర్డూ ఇచ్చాను. నా ఫోన్లో గీతలు నిండుగా వచ్చాయి. వెంటనే అత్త ఖాళీ జీడిపప్పు రేకు డబ్బా తెచ్చి దానిమీద బోర్లించింది. సముద్రం పక్కనున్న ఆ ఊళ్లో ఉప్పుగాలికి తాళాలే తుప్పు పడతాయి. రేడియో, టార్చిలైటు, చివరికి మావ కళ్లజోడు కూడా అలాంటి డబ్బాల కిందే కాపురం. నాకేమీ వింతగా తోచలేదు.

గదిలోకి వెళితే ల్యాప్‌టాప్‌లో ఒక్క గీతా లేదు. వెనక్కొచ్చి, డబ్బా తీసి, ఛానల్ మార్చాను. ఫోన్లో గీతలు నిండాయి. అత్త చూస్తోందని డబ్బా బుద్ధిగా బోర్లించి గదిలోకి వెళ్లాను, మళ్లీ సున్నా. పేరు మార్చాను, పాస్‌వర్డ్ మార్చాను, ప్రతిసారీ డబ్బా తీయడం, బోర్లించడం. చివరికి మరదలి చెవిదుద్దు కాడతో (పిన్నీసు దొరకలేదు) రీసెట్ నొక్కాను. లైను తాలూకు లాగిన్‌తో సహా అన్నీ చెరిగిపోయాయి. ఓనరుకు ఫోన్ చేస్తే, నన్నూ నాకు చదువు చెప్పినవాళ్లనూ కలిపి తిట్టి, ఒక్కో అక్షరం చెప్పారు. కంగారులో రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారికి పచ్చలైటు వెలిగింది. డబ్బా బోర్లించాను. గదిలో సున్నా.

"ఏటి సేత్తన్నావు బావా? అయిదు నిమిషాలే ఉంది," అంది మరదలు, ఏడుపు ఆపుకుంటూ. నిజం చెప్పొద్దూ, నాకూ ఏడుపొచ్చింది.

అప్పుడే అత్త, మా అమ్మకు జీడిపప్పు పోసి పంపాలని, రూటర్ మీది డబ్బా తీసుకుపోయింది. గదిలో గీతలు నిండాయి. ఛానల్ కుదురుకోవడానికి కాస్త టైం పడుతుందని గంభీరంగా చెప్పి చెమట తుడుచుకున్నాను. మరదలికి ఉద్యోగం వచ్చింది, ఊళ్లో నా పేరు మారుమోగింది.

ఇంటర్వ్యూ అయిన మర్నాడే అత్త ఫోన్. "ఇంకో డబ్బా బోర్లించినాను రా. నెట్టు మళ్లీ పోనాది." రేకు డబ్బా సిగ్నల్‌ని ఆపేస్తోందని అప్పుడు వెలిగింది నాకు. ఒప్పుకోవడానికి నోరు రాక, "మిషన్‌కి గాలాడాలత్తా, గుడ్డ కప్పు సాలు," అన్నాను.

ఆ మరదలే ఇప్పుడు నా భార్య. టెక్కలిలో మా ఇంట్లో నెట్టు తెగినప్పుడల్లా నేను సెట్టింగులు తెరిచి కూర్చుంటే, "ముందు డబ్బా ఉందేటో సూడు బావా," అంటుంది. ఆ రెండో డబ్బా తనే బోర్లించి చూసి, నేను నిజం ఒప్పుకుంటానో లేదో చూద్దామని అత్తచేత ఫోన్ చేయించిందని పెళ్లయ్యాకే తెలిసింది. గాలాడాలని చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గూ, నవ్వూ. తను మాత్రం, తప్పు వాళ్లమ్మ మీదికి నెట్టని ఆ మాట విన్నాకే, వీణ్ణి చేసుకోవచ్చు అనుకుందట.