ఉగాదినాడు నేను చెప్పిన భవిష్యత్తు

మీరు కాసేపు నవ్వుకుంటారని నా పరువు నేనే తీసి మీ ముందు పెడుతున్నాను. ఒక ట్రాక్టరునీ, కుదిరిన నా పెళ్ళినీ ఒకే మడిలో, ఒకే పూట బురదలోకి దింపిన ఘనత నాది.

రాకెట్టులో కుక్కని ఆకాశంలోకి పంపిన రోజులవి. గుడివాడలో ట్యుటోరియల్లో సైన్సు చెబుతూ, వారపత్రికలకి శాస్త్ర కల్పనలు రాసేవాణ్ణి. మా జిల్లాలోనే ఉన్న హంసలదీవి వెళ్ళి సముద్రం చూసిన పాపాన పోలేదుగానీ, నా కథానాయకుణ్ణి మాత్రం నెలకోసారి అంగారకుడి మీదకి పంపేవాణ్ణి. మొవ్వ దగ్గర పల్లెటూళ్ళో సుబ్బారాయుడుగారనే రైతు ఆ కథలు చదివించుకుని విని, మురిసిపోయి, వాళ్ళమ్మాయి సుశీలని నాకిస్తానన్నారు. నాట్లయ్యాక శ్రావణంలో పెళ్ళి.

ఆ ఏడు సరిగ్గా ఉగాదికి ఆ ఊరి సిద్ధాంతిగారి గొంతు బొంగురుపోయింది. పంచాంగం వినకుండా ఆ ఊళ్ళో ఏడాది మొదలుపెట్టరు. "మా కాబోయే అల్లుడు వెయ్యేళ్ళ తర్వాతదే చెబుతాడు, ఈ ఒక్క ఏడూ ఓ లెక్కా?" అంటూ సుబ్బారాయుడు మావయ్యగారు నన్ను తీసుకెళ్ళి తన ఇంటి వసారాలో సిద్ధాంతిగారి పీట మీద కూర్చోబెట్టారు. కాదనాలా, వద్దా? తలుపు చాటున సుశీల ఉందండీ. ఎలా కాదంటాను?

"నాగలి ఉండదు! దున్నపోతు ఉండదు! యంత్రమే దున్నుతుంది, యంత్రమే నాటుతుంది!" అన్నాను. చప్పట్లు మోగాయి.

"ఎప్పుడండీ?" అన్నారు మావయ్యగారు.

నా మనసులో ఉన్నది ఇంకో వందేళ్ళ తర్వాతి సంగతి. ఆ మాటంటే చప్పట్లు ఆగిపోవూ? "ఎప్పుడో ఏమిటండీ, ఈ ఏడే!" అనేశాను.

పత్రికలో కథ చదివినవాడు పేజీ తిప్పేసి ఊరుకుంటాడు. ఉగాదినాడు ఆ పీట మీంచి విన్న మాటని నమ్మి రైతు ఏడాది సేద్యం నడుపుకుంటాడు. ఈ తేడా నా బుర్రకి తట్టలేదు.

కాలవలకి నీళ్ళొదిలాక ఓ రోజు మావయ్యగారు గుడివాడలో మా గదికొచ్చారు.

"అల్లుడుగారూ, నారు ఏపుగా ఎదిగిందండీ. మరి ఆ యంత్రం ఎప్పుడొస్తుంది?"

"ఏ యంత్రమండీ?"

"అదేవిటండీ! మీరే గదా సెలవిచ్చారు? అది నమ్మే గదా నా దున్నపోతుల్ని పక్క చేను కోటయ్యకి అమ్మేసింది!"

"అన్నీనా?"

"ఓ జత ఉంచుకుంటే మీ మాట మీద నమ్మకం లేనట్టు కాదుటండీ?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. మడికి నీళ్ళు పెట్టి బురదగా తొక్కించే దమ్ము పడకపోతే నాట్లు లేవు. నాట్లు పడకపోతే పెళ్ళీ లేదు.

ఉయ్యూరు పరుగెత్తాను. చెరకు తోటలకి ట్రాక్టరు వాడే స్నేహితుడి కాళ్ళావేళ్ళా పడి దాన్ని తోలించుకొచ్చాను. ఊరంతా గట్ల మీద నిలబడింది. ట్రాక్టరుకి కొబ్బరికాయ కొట్టి దండ వేశారు. నాకూ ఓ దండ వేశారు. ఊరుకోవచ్చు గదా? "చూడండి, ఇదే రాబోయే కాలం!" అని చెయ్యి చాపాను. రాబోయే కాలం దర్జాగా మడిలోకి దిగి, కాస్త దూరం నడిచి, ఇరుసు దాకా కూరుకుపోయింది. గట్టినేల మీద తిరిగిన బండి అది, మన డెల్టా బురద దానికేం తెలుసు?

"కంగారు పడకండి, ఇంజను వేడెక్కుతోంది" అన్నాను.

"వేడెక్కడం సరేనండీ, కిందికెందుకు పోతోంది?" అన్నారు మావయ్యగారు.

చివరికి కోటయ్యే ఆ దున్నపోతుల్ని తోలుకొచ్చి గొలుసు కట్టాడు. అతనెంత అదిలించినా అవి కదల్లేదు. మావయ్యగారు మడిలోకి దిగి వాటి వీపు నిమిరి, "హై! నా నాయనా!" అన్నారు. ఆ గొంతు వింటూనే ఒక్క ఊపున లాగేశాయి. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటుంటే, నా మెడలో ఉన్న దండ ఎక్కడ దాచాలో తెలియక చచ్చేంత సిగ్గేసింది.

కోటయ్య తన చేలు దమ్ము చేసుకున్నాకే మావయ్యగారి మళ్ళలో దిగాడు. నాట్లు వెనకబడ్డాయి, శ్రావణం దాటిపోయింది. సంబంధం తప్పిపోతుందేమోనన్న బెంగతో మాఘమాసం దాకా నాకు తిన్నది ఒంటబట్టలేదు. ఎలాగైతేనేం, కోతలయ్యాక మావయ్యగారు తన దున్నపోతుల్ని కోటయ్య దగ్గర తిరిగి కొనుక్కున్నారు, మాఘంలో మూడు ముళ్ళూ పడ్డాయి.

మళ్ళీ ఉగాది వచ్చింది. సిద్ధాంతిగారికి గొంతూ వచ్చింది. అదే వసారాలో నేను అందరికన్నా వెనక, స్తంభం చాటున కూర్చున్నాను. ఆయన ఒక్కో రాశీ చదువుతూ నా రాశి దగ్గరికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, "కర్కాటకం. రాజపూజ్యం స్వల్పం, అవమానం అధికం" అన్నారు. సభంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది.

తలుపు చాటునుంచి సుశీల అడిగింది: "అయ్యగారూ, అది ఈ ఏడుదాండీ? పోయినేడుది మిగిలిపోయిందా?"

నవ్వులు పక్క వీధి దాకా వినబడ్డాయి. ఆ నవ్వుల మధ్యే, ఉగాది పచ్చడి చేతబట్టుకుని ప్రమాణం చేశాను. ఇకమీదట మూడువేలవ సంవత్సరానికి ఇవతల జరిగే ఏ సంగతీ నా నోట రాదు. ఒకవేళ వచ్చినా, ముందు మావయ్యగారి పశువుల పాకకి తాళం వేసి, తాళంచెవి సుశీలకిచ్చాకే వస్తుంది.